ఎవరిదీ కాని ముఖం

అక్టోబరు 6

పసుపు రంగు అయిపోయింది. నీలం పోయిన నెలలోనే అయిపోయింది. ఇక మిగిలినవి నలుపూ ఎరుపూ. ఈ సంగతిని డైరెక్టరుగారు ఏదో బహుమతి ప్రకటిస్తున్నట్టు చెప్పారు. "రెండు రంగుల్లోనే అసలు పనితనం బయటపడుతుందండీ" అట. యుద్ధానికి ముందు ఆయన ఒక బీమా కంపెనీకి కేలండర్లు వేయించేవారు. జన్మలో ఒక్క గీత గీసిన పాపాన పోలేదు.

పది గంటలకు పని చేతిలో పెట్టి, ఒంటిగంటకల్లా అచ్చు ప్లేటుకు వెళ్ళాలన్నారు. గూఢచారి మీద పోస్టరు. దాని మీద మాట ఒక్కటే, "వింటున్నాడు". ఆ మాట రాయడం కొమ్ముగారి వంతు. ఆయన అసలు పేరు ఈ ప్రచార శాఖలో ఎవరికీ గుర్తులేదు. అక్షరాల కొమ్ములు బారెడు పొడుగున లాగుతాడని ఆ పేరే స్థిరపడిపోయింది. బొమ్మ నా వంతు. మనిషి శత్రుదేశం వాడిలా ఉండకూడదు, మనలో ఒకడిలా ఉండాలి. పక్కింటాయనలా ఉండాలి కానీ ఏ పక్కింటాయనా అయి ఉండకూడదు. చూసి గీసుకునే ఫొటోల బీరువా తాళం పై అంతస్తులో సైన్యం వాళ్ళ దగ్గర ఉంది, ఆ తాళం మనిషి సెలవులో ఉన్నాడు. మూడు గంటల్లో ఎవరిదీ కాని ముఖాన్ని నేనెక్కడి నుంచి పట్టుకురాను?

పట్టుకొచ్చాను. పన్నెండున్నరకే అయిపోయింది. తల ఒక పక్కకు వాల్చి, చెవి దగ్గర చెయ్యి దొప్పలా పెట్టి, కళ్ళు సగం మూసుకుని వింటున్న మనిషి. చెవి ఎరుపు, మిగతాదంతా నలుపు. పెన్సిల్ కూడా ముట్టలేదు, నేరుగా కుంచెతోనే. ఈమధ్య ఏ బొమ్మా ఇంత సులువుగా రాలేదు.

ఫారం మీద "మోడల్" అన్నచోట "లేరు" అని రాసి సంతకం పెట్టాను. అలా రాయకపోతే బొమ్మ అచ్చుకు వెళ్ళదు.

అక్టోబరు 9

గోడలకెక్కింది. ట్రాము స్టాపు దగ్గర జిగురు బకెట్టుతో వచ్చినాయన వరసగా పదహారు అతికించాడు. అతికించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి తన జతగాడితో మాట్లాడాడు. పోస్టరు పనిచేస్తోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఇంటికి నడిచి వస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు. అవును, గర్వపడ్డాను. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

అక్టోబరు 11, ఆదివారం

భోజనానికి అక్క ఇంటికి వెళ్ళాను. ఇల్లంటే దుకాణం వెనక రెండు గదులు. దుకాణం ఒకప్పుడు నాన్నది, ఇప్పుడు బావది. గడియారాలు బాగుచేస్తాడు. కిటికీకి ఆనించి బల్ల, బల్ల ముందు బావ, బావ చెవి దగ్గర ఎప్పుడూ ఏదో ఒక వాచీ. వాచీకి వచ్చిన జబ్బును చూసి కాదు, విని చెబుతాడు. నాన్న అలాగే నేర్పాడు. బడికి పోయే పిల్లలు కిటికీ ముందు ఆగి, తలలు అలాగే వాల్చి వెక్కిరించి పోతుంటారు.

నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మొదలుపెట్టాడు.

"మరదలుపిల్లా, చూశావా? ఎదురుగోడ మీద నన్నెక్కించారు. పెళ్ళికి కూడా అంత పెద్ద ఫొటో తీయించుకోలేదు నేను."

"నిజమేనే" అంది అక్క వంటింట్లోంచి. "ముక్కు అచ్చం ఈయనదే. కాకపోతే వాడు కాస్త తెలివైనవాడిలా ఉన్నాడు."

ముగ్గురం నవ్వాం. ఎవరు గీశారే మీ ఆఫీసులో అని అక్క అడిగింది. నాకు తెలియదన్నాను. నన్ను అక్షరాల సెక్షనులోకి మార్చారన్నాను. ఎవరు ఏది గీశారో బయట చెప్పకూడదని రూలుంది కాబట్టి అలా అన్నాను. రూలుంది మరి.

బావ ఒక్కసారి నా వంక చూశాడు. తర్వాత కూర వడ్డించుకున్నాడు.

అక్టోబరు 12

పోలిక లేదు. చెవి ఒక్కటి కలిస్తే కలవచ్చు. లోకంలో ఎన్ని చెవులు లేవు!

అక్టోబరు 13

ఆఫీసుకు పోతూ దారిలో ట్రాము దిగి పోస్టరు ముందు నిలబడ్డాను. ఊరికే నిలబడితే ఎవరైనా అనుమానిస్తారని చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించాను.

బావే.

పదహారో ఏట నేను బొమ్మలు మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లో కదలకుండా కూర్చునే మనిషి ఆయనొక్కడే. అప్పటికింకా బావ కాదు, నాన్న దగ్గర పని నేర్చుకుందామని వచ్చిన మనిషి. అమ్మ ఐదు నిమిషాలు కుదురుగా ఉండేది కాదు. అక్క అసలు కూర్చునేదే కాదు. ఆయన వాచీ చెవి దగ్గర పెట్టుకుంటే గంటసేపు బొమ్మే. అందుకని ఆయన్ని గీశాను. అంతే. ఇరవై రెండేళ్ళు గీశాను. దాంతో చేతికొక అలవాటు పడిపోయింది, ఎదురుగా ఎవరూ లేనప్పుడు మగముఖం అనగానే ఆయన ముఖమే వస్తుంది. సబ్బు పెట్టె మీద నవ్వే తండ్రి ఆయనే. మూడో తరగతి వాచకంలో పోస్టుమాను ఆయనే. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేదు, పోస్టుమాను చేతిలో ఉత్తరం ఉంది కాబట్టి. ఈసారి ముఖంతో పాటు తల వాల్చడమూ ఆ చెయ్యీ కూడా దిగిపోయాయి. వాచీ ఒక్కటే వెయ్యలేదు. ఇంత మీసం పెట్టి ఉంటే పోయేది. మీసం పెట్టాలని తోచనే లేదు.

అక్టోబరు 18, ఆదివారం

రొట్టెల దుకాణం ఆవిడ తన గోడగడియారం వెనక్కి తీసుకుపోయిందట. "ఇంకా బాగుచేయలేదమ్మా" అని బావ అంటే, "పర్లేదండీ, ఆగిపోయిందైనా మా ఇంట్లోనే ఉండనివ్వండి" అందట. ఇరవై ఏళ్ళుగా ఆ దుకాణంలో అక్కకు ఖాతా ఉంది. బావ రేషను క్యూలోకి రాగానే ముందున్న వాళ్ళు, వెనకున్న వాళ్ళు ఒక్కసారి మాటలాపేశారట.

"మంచిదేగా" అన్నాడు బావ. "నోళ్ళు మూస్తే క్యూ తొందరగా కదిలింది."

ఈసారి అక్క నవ్వలేదు. నేను నవ్వాను, కావాల్సినదానికంటే ఎక్కువగా.

అక్టోబరు 20

డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి, రెండో అచ్చుకు ముఖం మారుస్తానన్నాను. ఎందుకన్నారు. ఎందుకో చెప్పాలంటే "లేరు" అన్నచోట పెట్టిన సంతకం అబద్ధమని చెప్పాలి. చెవి వంకర వచ్చిందన్నాను.

"వంకర లేదు, వంక అసలే లేదు" అంటూ ఆయన సొరుగు లాగారు. సొరుగు నిండా ఉత్తరాలు. "రెండు వారాలు తిరక్కుండా ఇన్ని వచ్చాయి. పక్కవాటా వాళ్ళ మీద, తోటి గుమాస్తాల మీద, ఒకావిడైతే సొంత మామగారి మీద. ఈ ముఖంలో ఏదో ఉందండీ. నిజం మనిషిలా ఉన్నాడు. రెండో అచ్చు రెండింతల సైజులో వేయిస్తున్నాను."

నా బల్ల దగ్గరికి వచ్చి కూలబడ్డాను. కొమ్ముగారు తన టీ నా ముందుకు జరిపారు.

చెప్పి ఉండాల్సింది. చెబితే ఉద్యోగం పోయేది, పోతే పోయేది. నేను పిరికిదాన్ని. అది ఈ పుస్తకంలోనైనా ఒప్పుకోవాలి.

అక్టోబరు 21

రేపు చెబుతాను.

అక్టోబరు 22

డైరెక్టరుగారు ఆఫీసులో లేరు. ఉన్నారు, మధ్యాహ్నం వచ్చారు. నాకు తలనొప్పిగా ఉండింది.

అక్టోబరు 24

దుకాణం కిటికీ మీద రాయి వేశారు. సంగతి తెలిసి పరిగెత్తాను. అక్క రేషనుకు వెళ్ళింది. బావ బల్లను లోపలి గోడ వారకు లాక్కుంటున్నాడు. అక్కడ పట్టపగలు కూడా దీపం లేనిదే ముల్లు కనపడదు.

"ఆ బొమ్మ నీ కుంచెదే కదా?" అన్నాడు, ఇంకో కొస పట్టుకోమని నాకు సైగ చేస్తూ.

నేను కొస పట్టుకున్నాను.

"ఇరవై రెండేళ్ళు నీ ముందు దిష్టిబొమ్మలా కూర్చున్నాను. నీ గీత నాకు తెలీదా? వాచీ ఒక్కటి ఎగ్గొట్టావు."

"కావాలని చెయ్యలేదు బావా."

"తెలుసులే. కావాలని గీస్తే అంత బాగా రాదు."

బల్ల కిందికి దించాం. ఎక్కడికైనా వెళ్ళిపో బావా, నాలుగు నెలలు కనపడకుండా ఉండు అన్నాను. పారిపోతే మీ పోస్టరు నిజమైపోతుంది అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా.

"మీ అక్కకి మాత్రం చెప్పకు. దానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నాకేమన్నా అయితే..."

"ఏమీ కాదు."

"అయితే అంటున్నాను."

నేను చీపురు తెచ్చి గాజుముక్కలు ఊడ్చాను. ఆయన కొత్తచోట కూర్చుని, ఒక వాచీ తీసి, అలవాటుగా చెవి దగ్గరికి తీసుకుపోబోయి, వీధి వైపు చూసి, దాన్ని బల్ల మీద పెట్టేశాడు. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు. చెత్త పారబోసి వస్తానని బయటికి వెళ్ళిపోయాను.

అక్టోబరు 26

తీసుకెళ్ళారు.

అక్టోబరు 27

నిన్న పొద్దున పదకొండు గంటలకు ఇద్దరు వచ్చారట. మర్యాదగానే మాట్లాడారట. దుకాణానికి తాళం వేయమని, చలికోటు తీసుకోమని చెప్పారట. నాలుగు ఫిర్యాదులు అందాయట. నాలుగింటిలో ఒకటి రొట్టెల దుకాణం ఆవిడదై ఉంటుందని అక్క, కాదేమోనని నేను. అది ఎవరిదైతే ఏమిటి, అసలు ఫిర్యాదు నాది.

విచారణ ఆఫీసు ముందు క్యూలో అక్కతో నిలబడ్డాను. అందరూ ఆడవాళ్ళే. మా తలల పైన గోడ మీద రెండింతల సైజు పోస్టరు. జనం దాన్నీ అక్కనూ మార్చి మార్చి చూశారు, ఎవరో ఆమె ఎవరి భార్యో చెప్పినట్టున్నారు.

"ఏంటలా చూస్తారు?" అంది అక్క గట్టిగా. "నా మొగుడే. బావున్నాడా?"

వెనకున్న ముసలావిడ అక్క చెయ్యి పట్టుకుని, వారంలోపల వదిలితే వదిలినట్టు, లేకపోతే రైలెక్కిస్తారు తల్లీ అని చెప్పింది. ఆవిడ కొడుకును వేసవిలో ఎక్కించారు. ఆ రైలెక్కిన వాళ్ళెవరూ ఇంతవరకు ఉత్తరం రాయలేదట.

మా వంతు రాకుండానే కిటికీ మూసేశారు.

అక్టోబరు 29

నా స్కెచ్ పుస్తకాలన్నీ, మొత్తం పంతొమ్మిది, రెండు సంచుల్లో వేసి మోసుకెళ్ళాను. ప్రచార శాఖ కార్డు చూపిస్తే క్యూ తప్పించి లోపలికి పంపారు. క్యూలో అక్క ఉంది. నన్నూ సంచులనూ చూసింది.

విచారణ అధికారి నేననుకున్నట్టు లేడు. పెద్దవయసు మనిషి, జలుబు చేసి ఉంది, బల్ల మీద మందు సీసా. ఆయన వీపు వెనక గోడకు నా పోస్టరు.

అంతా చెప్పేశాను. ఆ పోస్టరు నాది, ఆ ముఖం మా బావది, ఆ తల వాల్చడం వాచీ వినేటప్పటిది. "ఆయన పోస్టరులా ఉన్నాడని పట్టుకొచ్చారండీ. ఆయన పోస్టరులా లేడు, పోస్టరే ఆయనలా ఉంది" అన్నాను. ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్పగలరు?

ఆయన ముక్కు తుడుచుకుని, ఫైల్లోంచి నా ఫారం బయటికి తీశాడు. "మోడల్ లేరని రాశారే?"

"అబద్ధం రాశాను."

"ఇప్పుడు నిజం చెబుతున్నారన్నమాట. మంచిది. గూఢచారిని గీయమన్నారు. ఊళ్ళో ఇంతమంది ఉండగా మీ చెయ్యి ఈయన దగ్గరికే ఎందుకెళ్ళింది?"

"ఏ మగముఖం గీయాలన్నా అక్కడికే వెళ్తుందండీ. కావాలంటే చూడండి."

పుస్తకాలు బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్క పేజీ జాగ్రత్తగా, మూలలు నలక్కుండా తిప్పుతూ చూశాడు. దాదాపు గంట. సిగ్గు లేకుండా చెప్పాలంటే నాకు సంతోషం కూడా వేసింది. నా పనిని అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంతవరకు లేడు. పన్నెండో పుస్తకంలో ఒకచోట ఆయన వేలు ఆగింది. ఆగింది బావ ముఖం మీద కాదు. ఆ వెనక కిటికీ మీద.

"ఇది రైలు వంతెనేనా?"

"అవునండీ, బల్ల దగ్గర్నుంచి కనపడుతుంది."

"ఈ గోడగడియారంలో నాలుగూ పది. అప్పుడు నిజంగా నాలుగూ పదేనా?"

"ఎంతయితే అంతే వేస్తానండీ. గడియారాల వాళ్ళ పిల్లని, ముళ్ళు తప్పు వేస్తే మా నాన్న ఊరుకునేవాడు కాదు."

నా నోరు ఊరుకుంటేనా! కింద తేదీ కూడా నేనే వేశాను, ప్రతి బొమ్మకూ, ఏనాడూ మానకుండా. ఆయన గుమాస్తాను పిలిచి రాసుకోమన్నాడు. తేదీ, టైము, వంతెన మీద రైలు ఉన్నదీ లేనిదీ. ఇంకో పేజీ. తేదీ, టైము, రైలు. కొన్నింటిలో నేను పెట్టెలు కూడా లెక్కగా వేశాను, పొందికగా ఉంటుందని.

"ఇరవై రెండేళ్ళు" అన్నాడాయన. "ఇవన్నీ మీ అంతట మీరే గీశారా, ఆయన గీయించాడా?"

నా అంతట నేనే అన్నాను, మూడుసార్లు. మూడోసారికి ఆయన నా వంక జాలిగా చూశాడు. ఇంట్లో వాళ్ళను కాపాడాలనుకోవడం సహజమేనమ్మా అన్నాడు.

పుస్తకాలు వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. ఖాళీ సంచులతో బయటికి వచ్చాను. అక్క ఏమన్నారే అని అడిగితే, చూస్తామన్నారు అన్నాను.

అక్టోబరు 30

బావను కాపాడదామని వెళ్ళి కొంప ముంచి వచ్చాను.

అక్టోబరు 31

కొమ్ముగారు కొత్త నోటీసు రాస్తున్నారు. నేను పక్క నుంచి పోతుంటే కాగితం నా వైపు తిప్పారు. గూఢచారి పోస్టరు చూసి వచ్చిన ఫిర్యాదులు గుట్టలు పడిపోయాయి. సగానికి సగం పాత పగలట, ఆస్తి తగాదాలు, వాటాల గోడలు, మొరిగిన కుక్కలు. విచారణ వాళ్ళకు ఊపిరి సలపడం లేదు. అందుకని ఈ ఆర్డరు. సొంత కక్షతో ఎవరినైనా ఇరికించినవాళ్ళు మూడో తేదీ లోపల రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఇరుక్కున్న మనిషిని వదిలేస్తారు. ఒప్పుకున్న మనిషిని ముందువరసలో కందకాలు తవ్వే దళంలో వేస్తారు.

ఆ దళం పోస్టరు కూడా నాదే. పార భుజాన వేసుకుని నవ్వుతున్న ఆడమనిషి. ఆ దళం నుంచి తిరిగి వచ్చిన వాళ్ళను నేను చూడలేదు.

"నాకు ఆయన మీద కక్షేమీ లేదండీ" అన్నాను. కొమ్ముగారికి సంగతంతా ఎలా తెలిసిందో, మొత్తం తెలుసు.

"ఉందని, అందుకే ఆ ముఖం వేశానని రాయమ్మాయ్. చేతి అలవాటంటే వాళ్ళకి బుర్రకెక్కదు. ఇష్టమంటే అసలెక్కదు. కక్షయితే రోజూ వందసార్లు చూస్తున్నారు, ఇట్టే అర్థమవుతుంది. ఆ రైళ్ళూ టైములూ కూడా ఆయన్ని ఇరికించడానికి నేనే తర్వాత చేర్చానని రాసెయ్."

"నమ్ముతారా?"

"కారణం గట్టిదైతే నమ్ముతారు. ఊరికే కోపమొచ్చిందంటే నమ్మరు." ఆయన కుంచె నీళ్ళలో ముంచి చాలాసేపు కడిగారు. "ఇంకోటి. వదిలే ముందు ఆ కాగితం ఆయనకి చదివి వినిపిస్తారు. అది రూలు."

ఇష్టమంటే అసలెక్కదు అన్నారు. ఆ మాట ఎందుకు కలిపారో. అలవాటు అంటే సరిపోయేది కదా.

నవంబరు 2

మధ్యాహ్నం నుంచి అక్క వంటింట్లో ఉన్నాను. బావను తీసుకెళ్ళి ఇవాళ్టికి వారం. రేపు ఆర్డరు గడువు. అక్క ఉల్లిపాయలు తరుగుతోంది, తినేవాళ్ళెవరో నాకు తెలియదు. చెప్పకుండా ఇంక కుదరదు.

"ఆ పోస్టరు నాదే అక్కా."

"తెలుసు."

"బావ చెప్పాడా?"

"ఆయనెందుకు చెబుతాడు? నీ మీద ఈగ వాలనిస్తాడా?" కత్తి ఆపలేదు. "ఆయన్ని అలా చూసే కళ్ళు ఈ ఊళ్ళో రెండే జతలు. నేనైతే గీయలేదు."

పుస్తకాల సంగతి, ఆర్డరు సంగతి, కందకాల సంగతి, అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అక్క కందకాల దగ్గర ఒక్కసారి కళ్ళు మూసుకుంది. నువ్వు వెళ్ళకు అనలేదు. వెళ్ళు అని కూడా అనలేదు. సొరుగులోంచి తెల్లకాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"సరే. ఏం కక్షని రాద్దాం?"

ఇద్దరం ఆలోచించాం. ఒక మనిషిని అసహ్యించుకోవడానికి కారణం దొరకక అక్కాచెల్లెళ్ళం బల్లకు చెరోపక్క కూర్చున్నాం.

"గురక పెడతాడని రాయి" అంది అక్క.

"ఆయన గురకతో నాకేం పని?"

"నాన్న దుకాణం కాజేశాడని?"

అది బాగుందనిపించి రాశాను. అక్క చదివి చింపేసింది. దుకాణం వద్దని రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టి ఇచ్చింది నేనే, ఆ కాగితం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

"నన్ను నానా మాటలూ అన్నాడని రాస్తాను."

"ఆయనకి తిట్టడమే వస్తే నాకీ ఖర్మెందుకు? పాలవాడితో కూడా నేనే పోట్లాడాలి."

"నిన్ను కొడుతున్నాడని రాస్తాను. చూడలేక చేశానంటాను."

"ఆయనకి చదివి వినిపిస్తారన్నావుగా? అది విని అక్కడే గుండాగి పోతాడు."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. అక్క ఉల్లిపాయల చేత్తో కళ్ళు తుడుచుకుని, మండి, ఇంకా నవ్వి, తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. నాలుగు కాగితాలు పాడయ్యాయి. గోడకున్న గడియారాలన్నీ ఎవరూ కీ ఇవ్వక ఒక్కో టైములో ఆగి ఉన్నాయి. ఎంతయిందో తెలుసుకోవడానికి వీధిలోకి వెళ్ళి అడిగి వచ్చాను. మూడున్నర.

వచ్చేసరికి అక్క చేతులు కడుక్కుని కూర్చుంది.

"ఆయన్ని నేను చేసుకోవాలనుకున్నానని రాయి. నాన్న మా అక్కకిచ్చి చేశాడని, అది ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నానని రాయి."

"అక్కా!"

"ఎవడైనా నమ్మే మాట అదొక్కటే."

"అలాంటిదేమీ లేదే. ఇంట్లో కదలకుండా కూర్చునేది ఆయనొక్కడే కాబట్టి..."

"ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే మాట చెబుతున్నావు. నేనెప్పుడన్నా కాదన్నానా?" గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. "ప్రతి ఆదివారం పిలిచి నీకు అన్నం పెట్టలేదా? ఇవాళ ఆయన ప్రాణం మీదికొచ్చింది. రాయి. దీనికైతే నువ్వు కొత్తగా కల్పించాల్సిందేమీ లేదు కదే."

కలం తీసుకున్నాను.

మొదటి నాలుగు కాగితాల మీద ప్రతి వాక్యానికీ చెయ్యి ఆగింది. ఐదోది ఎక్కడా ఆగలేదు. నాన్న దుకాణంలోకి ఆయన మొదటిసారి వచ్చిన రోజు వేసుకున్న చొక్కా దగ్గర్నుంచి మొదలైంది. రెండువైపులా నిండి ఇంకో కాగితం అడగాల్సి వచ్చింది. రైళ్ళూ టైములూ నేనే చేర్చానన్నది రాశాను. పగ అన్న మాట చిట్టచివర గుర్తొచ్చి అతికించాను. ఇది ఆయన ముందు ఎవరో గుమాస్తా గడగడా చదివేస్తాడు. ఆయన నిలబడి వినాలి. వినేటప్పుడు తల ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తోంది, ఆయన బయటపడతాడు కదా అనుకుంటే బతకాలనీ అనిపిస్తోంది.

అక్క రెండుసార్లు చదివింది. ఒక్క వాక్యం కూడా కొట్టేయమనలేదు. కాగితాలు నా వైపు జరిపి, చివరి వాక్యం మీద వేలు పెట్టింది.

"ఈ ముక్క కాస్త పెద్దగా రాయి. పగ కనపడటం లేదు."

దిద్దాను. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. అక్క చెప్పులేసుకుంటోంది.